మంగళవారం మర్జ్

మా ఖాందాన్‌లో కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని కొత్తగా కారు కొన్న చుట్టాలంతా నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువగా వచ్చే సవాల్ ఒకటే: "సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ దానంతటదే బంద్ అయితుంది, ఖరాబ్ అయిందా?" ఇంకొందరిది దీనికి ఉల్టా: "ముందు బంద్ అయ్యేది, ఇప్పుడు అయితలేదు, ఖరాబ్ అయిందా?" రెండింటికీ చాలాసార్లు జవాబు ఒక్కటే. కాలేదు, ఇత్మినాన్‌గా ఉండండి. పరేషాన్ కావాల్సింది మూడో రకానికి. బంద్ అవుతుంది, మళ్లీ లేవదు. అది ఈ ఏడాది జనవరిలో మాసబ్‌ట్యాంక్ చౌరస్తాలో నాకు ఎదురైంది. దాని సంగతే రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు ఈ బందోబస్తు ఏంటో చెప్తాను. మీ డాష్‌బోర్డు దగ్గర 'ఏ' అక్షరం చుట్టూ గుండ్రంగా తిరిగే బాణం గుర్తు ఉన్న బటన్ ఉంటే మీ కారులోనూ ఇది ఉన్నట్టే. గేర్ల కారు అయితే బండి పూర్తిగా ఆగి, న్యూట్రల్‌లో వేసి, క్లచ్ మీంచి కాలు తీస్తే ఇంజిన్ ఆగుతుంది. మళ్లీ క్లచ్ తొక్కగానే స్టార్ట్ అవుతుంది. ఆటోమేటిక్ కారులో ఈ పని బ్రేకు చేస్తుంది. తొక్కి పట్టుకుంటే బంద్, వదిలితే చాలూ. నిలబడ్డ ఇంజిన్ ఊరికే పెట్రోలు తాగకూడదనే దీని హిక్మత్ అంతా. కొత్తదేమీ కాదు, టయోటా వాళ్లు 1974లోనే క్రౌన్ కారులో ఇలాంటిది పెట్టారు. మన ఆటో భాయ్‌లు ఏ కంప్యూటరూ లేకుండా ప్రతి సిగ్నల్ దగ్గరా చేత్తో చేసే పని కూడా ఇదే.

మా కారు 2019 మోడల్ పెట్రోలు బండి. 2023లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. షౌఖ్ కోసం కొనలేదు, మా మామగారి డయాలసిస్ కోసం కొన్నాం. నేను ఆయన్ని అబ్బా అనే పిలుస్తాను. మంగళ, గురు, శనివారాలు, పూటకు నాలుగు గంటలు. టోలీచౌకీ నుంచి లక్డీకాపూల్ వైపు హాస్పిటల్‌కి సుమారు 8 కిలోమీటర్లు. మా మియా దమ్మాంలో ఉంటారు. ముందు ఆటోలో తీసుకెళ్లేదాన్ని. ఫిస్టులా ఉన్న ఎడమ చెయ్యిని కుడిచేత్తో గుండెకు హత్తుకుని ప్రతి గుంతకీ ఆయన కళ్లు మూసుకోవడం చూసి, ఇంక చాలనుకుని డ్రైవింగ్ నేర్చుకున్నాను. అమ్మీ ఖుషీగా ఒప్పుకున్నారు. మా భాయ్‌జాన్, అంటే మా మియాకి పెద్దన్న, ఖామోష్‌గా ఉన్నారు. ఆ ఖామోషీకి ఒప్పుకోలు అని అర్థం లేదని నాకు తెలుసు.

కొన్నప్పటి నుంచి జనవరి దాకా ఈ ఆగడం, లేవడం మా కారులో దాదాపు జరగనే లేదు. అది ఖరాబీ కాదు. లోపల ఏసీ గట్టిగా నడుస్తుంటే, మీరు పెట్టిన చల్లదనం ఇంకా రాకపోతే, ఇంజిన్ ఆగడానికి ఒప్పుకోదు. ఎందుకంటే మా కారులాంటి మామూలు కార్లలో ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్టు మీద తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే పంకా గాలి తప్ప చల్లదనం రాదు. ఇంకా దీనికి చాలా షరతులున్నాయి. ఇంజిన్ సరిపడా వేడెక్కాలి, డ్రైవర్ సీటు బెల్టు పెట్టుకోవాలి, తలుపు మూసి ఉండాలి, బానెట్ సరిగ్గా పడాలి, బ్రేకుకు కావలసిన వ్యాక్యూమ్ ఉండాలి, స్టీరింగ్ మలుపులో ఉండకూడదు, కొన్ని కార్లలో రోడ్డు వాలుగా ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటరీలో మళ్లీ లేపేంత తాకత్ ఉండాలి. ఇందులో ఒక్కటి తక్కువైనా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. అది కారు నఖ్రా అనుకోకండి, జాగ్రత్త పడుతోంది. బానెట్ కింద చిన్న స్విచ్ ఒకటుంటుంది. అది దుమ్ము పట్టి చెడితే బానెట్ తెరిచే ఉందని కారు అనుకుంటుంది. దీని కోసం వేలు ఖర్చు పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

చలికాలం వచ్చింది. ఏసీ బంద్ చేశాం. కారు సిగ్నళ్ల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. అబ్బాకి మొదట్లో భయం వేసేది, తర్వాత మజా అనిపించింది. ఇంజిన్ ఆగగానే "సో గయీ" అనేవారు, క్లచ్ తొక్కగానే "ఉఠ్ గయీ" అనేవారు.

జనవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. మాసబ్‌ట్యాంక్ సిగ్నల్‌లో పడుకున్న ఇంజిన్ లేవలేదు. క్లచ్ తొక్కాను. 'కట్' అని ఒక్క చప్పుడు. డాష్‌బోర్డు దీపాలన్నీ మసకబారి మళ్లీ వెలిగాయి. ఇలాంటప్పుడు చేయాల్సినవన్నీ వరసగా చేశాను. నాలుగు ఇండికేటర్లూ వేశాను, న్యూట్రల్ చూసుకున్నాను, చాబీ పూర్తిగా వెనక్కి తిప్పి, క్లచ్ నేలకు ఆనించి మళ్లీ తిప్పాను. కట కట కట, అంతే. వెనక హారన్లు. పక్కన ఆటోలోంచి ఒకాయన "క్యా ఆపా, గాడీ చలానా నై ఆతా తో కైకూ నికల్తే?" అని వెళ్లిపోయాడు. వెనక సీట్లో అబ్బా, నాలుగు గంటల డయాలసిస్ తర్వాత బీపీ పడిపోయి, ముఖం తెల్లగా. "ఫికర్ నక్కో కరో బేటా, మై బైఠా హూఁ" అంటున్నారు, కూర్చునే ఓపిక లేకుండానే. ట్రాఫిక్ కానిస్టేబుల్, ఇద్దరు కుర్రాళ్లు కలిసి బండిని పక్కకు నెట్టారు. ఒక క్యాబ్ డ్రైవర్ తన బ్యాటరీ నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేయించాడు.

ఇక్కడో మాట, వైర్లు కలిపేటప్పుడు పనికొస్తుంది. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కే పెట్టాలి. నల్ల వైరు మాత్రం ఆగిపోయిన కారు బ్యాటరీ మైనస్‌కు నేరుగా పెట్టొద్దు, ఇంజిన్ మీదో బాడీ మీదో గట్టి ఇనుముకు పెట్టాలి. నిప్పురవ్వ బ్యాటరీకి దూరంగా ఉంటుందన్నది ఒక కారణం. ఇంకో కారణం ముందుకు పోతే తెలుస్తుంది.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఇల్జామ్ నా మీదికి వచ్చింది. ఎవరూ గట్టిగా అనలేదు. భాయ్‌జాన్ ఆలూ కూర్మా వడ్డించుకుంటూ, "ఒక డ్రైవర్‌ను పెట్టుకుందాం, నెలకు పదిహేను వేలు అయితే అయితయి. అబ్బా జాన్‌తో ఖేల్ వద్దు" అన్నారు. పదిహేను వేలు ఎక్కడి నుంచి వస్తాయి? దమ్మాం నుంచి వచ్చేదే మందులకూ, పిల్లల ఫీజులకూ సరిపోక తిప్పలు పడుతున్నాం. పైసలు పక్కన పెట్టినా, నా చేతిలోంచి చాబీ పోతే మళ్లీ రాదని నాకు అర్థమైంది. ఇంజిన్ దానంతటదే ఆగే బండిలో ఆడమనిషి కూర్చుంటే, ఆపింది ఆమే అని అందరూ అనుకుంటారు. 

సర్వీస్ సెంటర్ ఒకదానికి తీసుకెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు నన్ను మొదట అడిగింది: "మేడమ్, క్లచ్ పూర్తిగా తొక్కుతున్నారా?" ఆ సవాల్ గలత్ కాదు. నిజంగానే బజారులో కొన్న మందపాటి మ్యాట్లు క్లచ్ కింద చేరితే పెడల్ చివరిదాకా దిగదు. కింద ఉన్న స్విచ్‌కు ఖబర్ అందదు, ఇంజిన్ లేవదు. అయితే మా కారులో మ్యాటు పల్చటిది, జరగకుండా హుక్కులకు తగిలించి ఉంది. పైగా క్లచ్ స్విచ్‌కు ఖబర్ అందకపోతే ఏ చప్పుడూ రాదు. నాకు 'కట్' అని వచ్చింది, దీపాలు మసకబారాయి. అంటే ఖబర్ అందింది, తాకత్ చాలలేదు. ఇది చెప్తే ఆ కుర్రాడు నా వెంట వచ్చిన మా చిన్న దేవర్ వైపు తిరిగి, ఆయనకు జవాబు చెప్పాడు. దేవర్ ఇంటర్ చదువుతున్నాడు, సైకిల్ తప్ప ఏదీ నడపలేదు.

వాళ్లు కంప్యూటర్ పెట్టి చూశారు. బ్యాటరీ ఛార్జింగ్ 80 శాతం పైనే చూపించింది. "బ్యాటరీ బాగుంది, స్టార్టర్ మోటర్ పోయింది" అని ఇరవై వేలు దాటిన అందాజా రాసిచ్చారు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి పాత కాపీ ఒకటి తెరిచాను. అబ్బా బరువు, బీపీ రోజూ రాసే కాపీ అది. డయాలసిస్ మరీజ్ ఉన్న ప్రతి ఇంట్లో ఇలాంటిది ఉంటుంది. ఖాళీగా ఉన్న అంచుల్లో నేను కారు సంగతులు కూడా రాస్తుంటాను, పెట్రోలు ఎంత పోయించాను, గాలి ఎప్పుడు పట్టించాను అని. గత రెండు నెలల్లో మూడుసార్లు "స్టార్ట్ అవడానికి బరువుగా తిరిగింది" అని రాసి ఉంది. మూడూ మంగళవారాలు. గురువారం లేదు, శనివారం లేదు. స్టార్టర్ మోటర్‌కు వారం, వర్జ్యం తెలుస్తాయా?

మంగళవారానికి ఉన్న ఖాసియత్ ఏంటంటే, దాని ముందు గ్యాప్ అన్నిటికన్నా పెద్దది. శనివారం వచ్చి నిలబడ్డ కారు మళ్లీ మంగళవారమే కదులుతుంది. అబ్బాకూ అంతే. మూడు రోజుల నీళ్లు ఒంట్లో చేరి మంగళవారం పొద్దున కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. కాపీ చూపించి ఇదంతా చెప్తే ఆయన నవ్వారు. "మంగల్ కూ మేరా భీ యహీచ్ హాల్ హై. బేచారీ కూ కుచ్ నక్కో బోలో" అన్నారు.

విజయనగర్ కాలనీ వైపు ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నారు, అందరూ ఉస్తాద్ అంటారు. తర్వాతి మంగళవారం హాస్పిటల్‌లో అబ్బాను మెషీన్ మీద పెట్టాక, నాలుగు గంటల టైముంది కదా అని నేరుగా ఆయన దగ్గరికి పోయాను. ఆ పొద్దున ఇంట్లో కారు తాకకముందే మల్టీమీటర్‌తో చూసిన లెక్క నా దగ్గర ఉంది: 12.1 వోల్టులు. మీటరు నాలుగైదు వందలకు దొరుకుతుంది, కారున్న ఇంట్లో ఉంచుకోండి. రాత్రంతా నిలబడ్డ మంచి బ్యాటరీ 12.6 దగ్గర చూపాలి. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. మాది సగం కన్నా తక్కువ. కంప్యూటర్ ఏమో 80 అంది. ఎవరిది ఝూట్?

ఉస్తాద్ బానెట్ ఎత్తి మొదట బ్యాటరీ మీద రాసింది చదివారు. "యే ఇస్ గాడీ కీ బ్యాటరీచ్ నై హై" అన్నారు. రోజుకు రెండు మూడుసార్లు స్టార్ట్ చేసే కారుకు మామూలు బ్యాటరీ సరిపోతుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి లేచే కారుకు, పదే పదే కొంత దిగి కొంత ఎక్కడాన్ని తట్టుకునే బ్యాటరీ వేరే ఉంటుంది. దాని మీద 'ఈఎఫ్‌బీ' అనో 'ఏజీఎం' అనో రాసి ఉంటుంది. కంపెనీ నుంచి ఏది వచ్చిందో అదే వేయాలి, కింది రకానికి దిగకూడదు. మాకన్నా ముందు ఓనర్ రెండు వేలు మిగులుతాయని మామూలుది వేయించి ఉండాలి.

అది సగం మర్జ్. మిగతా సగం పట్టడానికి గంటన్నర పట్టింది. కారు నిలబడ్డప్పుడు ఏదో కరెంటు తాగుతోందా అని చూడాలి. మైనస్ వైరు విప్పి, బ్యాటరీకీ దానికీ మధ్యలో మీటర్ పెట్టారు. బానెట్ గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కేసి, మూసి ఉన్నట్టు కారును నమ్మించారు. చాబీ దూరంగా పెట్టించారు. కారులోని కంప్యూటర్లన్నీ పడుకోవడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది, తొందరపడి చూస్తే లెక్క తప్పు వస్తుంది. చాయ్ తాగి వచ్చి చూస్తే 20 మిల్లీ ఆంపియర్లు. 50 లోపు ఉంటే ఏ కారుకైనా బాగానే ఉన్నట్టు. అంటే చోరీ ఏమీ లేదు. మరి బ్యాటరీ ఎందుకు దిగుతోంది?

ఉస్తాద్ చాలాసేపు మాట్లాడలేదు. బ్యాటరీ పక్కన కూర్చుని చూపుడువేలితో ఒక్కొక్క వైరునూ తాకుతూ పోయారు, హకీమ్ నబ్జ్ చూసినట్టు. మైనస్ పోస్టు అడుగున, దుమ్ములో కలిసిపోయి, విడిగా ఒక నల్ల వైరు క్లిప్‌తో పట్టుకుని ఉంది. దాన్ని పట్టుకుని పోతే డిక్కీలో తేలింది, సీటు వెనక దాచిన ఆంప్లిఫైయర్. ముందు ఓనర్ గానా బజానా షౌఖీన్. మేము ఆ బూఫర్‌ను ఒక్కసారీ మోగించలేదు, అబ్బాకి రేడియో చాలు. అది మాత్రం, ఆన్ చేసే వైరును ఎవరో ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపేయడంతో, రాత్రీ పగలూ మేలుకునే ఉంది.

ఆ నల్ల వైరును పోస్టు మీంచి తీసి, మీటరుకు అవతలి పక్కన, కారు వైరుతో కలిపారు. మీటర్ 20 నుంచి 210కి ఎక్కింది.

"మీటర్ ఝూట్ నై బోల్తా బేటీ. మగర్ ఉస్కూ జో దిఖా నై, వో కైసా బోలేగా?" అన్నారు ఉస్తాద్. అస్లీ బాత్ అదే. ఇలాంటి కార్లలో మైనస్ పోస్టు మీద ఉండే బిగింపులో చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత కరెంటు వచ్చింది, ఎంత పోయింది అని హిసాబ్ రాసేది అదే. ఇంజిన్‌ను ఆపొచ్చా వద్దా అన్నది ఆ హిసాబ్ చూసే నిర్ణయమవుతుంది. సెన్సర్‌ను దాటేసి నేరుగా పోస్టుకు కలిపిన వైరు, గల్లాపెట్టెకు వెనక నుంచి పెట్టిన రంధ్రం లాంటిది. లెక్కలో పడదు. ఐదో వంతు ఆంపియర్, శనివారం నుంచి మంగళవారం దాకా 72 గంటలు, మొత్తం 14 ఆంపియర్ అవర్లు దాటుతుంది. మా బ్యాటరీ కెపాసిటీయే 35. అంత దోపిడీ జరిగినా సెన్సర్ పుస్తకంలో 80 శాతం. అందుకే కారు ధీమాగా ఇంజిన్‌ను పడుకోబెట్టింది, లేపబోతే బలం లేదు. నల్ల వైరును పోస్టుకు పెట్టొద్దని పైన చెప్పిన రెండో కారణం కూడా ఇదే. డాష్‌క్యామ్, పెద్ద హారన్, ఎక్స్‌ట్రా లైట్లు, ఏం పెట్టించినా వాటి నల్ల వైరు బాడీకి పోవాలి.

మా తిరుగుడు కూడా బ్యాటరీకి మేలు చేసేది కాదు. ట్రాఫిక్‌లో 8 కిలోమీటర్లు పోయి ఆపేస్తే, తాగిన కరెంటు పూర్తిగా తిరిగి రాదు. ఇప్పుడు నెలకు రెండుసార్లు శంషాబాద్ దాకా పిల్లల్ని ఎక్కించుకుని పోయి వస్తాం. పిల్లలు అది సైర్ అనుకుంటారు, విమానాలు కనిపిస్తాయి.

ఉస్తాద్ స్టార్టర్ మోటర్‌ను తాకనే లేదు. ఆంప్లిఫైయర్ వైర్లన్నీ విప్పించి, సరైన ఈఎఫ్‌బీ బ్యాటరీ వేయించాను. పాతది ఇచ్చి ఆరు వేల చిల్లర అయింది, మామూలుదానికన్నా రెండు వేల మూడొందలు ఎక్కువ. కొత్త బ్యాటరీ వేసిన రోజే ఇంజిన్ ఆగడం మొదలుకాకపోతే మళ్లీ పరేషాన్ కావద్దు. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశామని కంప్యూటర్‌తో నమోదు చేయించాలి. ఇంకొన్ని రాత్రంతా తాళం వేసి కదపకుండా ఉంచితే వాటంతటవే లెక్క కొత్తగా మొదలుపెట్టుకుంటాయి. మాది రెండో రకం. మూడో రోజు నుంచి ఆగి లేవడం మొదలైంది.

పైసల హిసాబ్ కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మీ అడిగారు. చిన్న పెట్రోలు ఇంజిన్ ఊరికే నిలబడి నడిస్తే గంటకు ముప్పావు లీటరు అనుకుందాం. పోనూ రానూ సిగ్నళ్లన్నీ కలిపి ఇరవై నిమిషాలు నిలబడతాం. అంటే పావు లీటరు, పాతిక రూపాయల పైన. ప్రతి సిగ్నల్‌లో ఆగితే నెలకు మూడొందల చిల్లర మిగలాలి. కానీ ప్రతి సిగ్నల్‌లో ఆగదు, ఎండాకాలంలో అసలే ఆగదు. బ్యాటరీకి ఎక్కువ పెట్టింది రావడానికే ఏడాది పడుతుంది. "ఐతే ఆ బటన్ నొక్కి బంద్ చేసేయరాదూ" అన్నారు అమ్మీ. సగం మాట విన్నాను. పోయేటప్పుడు చాలూ ఉంచుతాను. తిరిగి వచ్చేటప్పుడు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, బటన్ నొక్కేస్తాను. డయాలసిస్ అయిన మనిషికి సిగ్నల్‌లో ఒక్క నిమిషం చల్లగాలి తగ్గినా కళ్లు తిరుగుతాయి. చాలా కార్లలో ఈ బటన్ చాబీ తిప్పిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది, గుర్తుపెట్టుకుని నొక్కాలి. అబ్బా గుర్తు చేస్తారు. బెల్టు పెట్టగానే, "బటన్?" అంటారు.

డ్రైవర్ మాట ఇంట్లో మళ్లీ రాలేదు. స్టార్టర్ అందాజా కాగితం, ఉస్తాద్ ఇచ్చిన బిల్లు రెండూ దస్తర్‌ఖాన్ దగ్గర భాయ్‌జాన్ ముందు పెట్టాను. ఆయన రెండూ చదివి, కళ్లజోడు తీసి, "ఆ ఆంప్లిఫైయర్ అమ్మితే ఎంతొస్తది?" అన్నారు.

పోయిన నెల ఆయనే కొత్త కారు తీసుకున్నారు, అదే గుండ్రటి బాణం ఉన్నది. వారం తిరక్కముందే ఫోన్. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగట్లేదట, షోరూమ్‌కు పోయి లడాయి చేయాలా అని అడిగారు. ఇంజిన్ వేడెక్కిందా అని అడిగాను, హౌ అన్నారు. ఏసీ తగ్గించి చూశారా, హౌ. తలుపు, బానెట్? హౌ, హౌ. సీటు బెల్టు పెట్టుకున్నారా భాయ్‌జాన్ అని అడిగాను.

కొంచెంసేపు జవాబు లేదు. తర్వాత ఫోన్‌లో 'టిక్' అని చిన్న చప్పుడు వినపడింది.